పూచికపుల్ల పెద్దమ్మ, ఆమె కోసిన మైదానం

ఆవిడకి పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిచే ధైర్యం ఉన్నవాళ్ళు మాత్రం ఎవరూ మిగల్లేదు. ఫ్లయింగ్ క్లబ్బులో అందరికీ ఆవిడ పూచికపుల్ల పెద్దమ్మ. ఎదురుపడితే ఉత్త పెద్దమ్మ. ఎంతటి మనిషినైనా, ఎలాంటి మాటనైనా పూచికపుల్లలా తీసిపారేయడం ఆవిడకి ఊపిరి తీసుకున్నంత తేలిక. క్లబ్బు సెక్రటరీ కొత్త కళ్ళజోడు పెట్టుకొస్తే, "ఉన్న కళ్ళతో ఏం చూశాడట?" అంది. ఎవరో కుర్రాళ్ళు విమానం నడపడం నేర్చుకుంటామని వస్తే, "ముందు ముక్కు తుడుచుకోవడం నేర్చుకోమనండి" అంది. సొంత అక్కకి మోకాళ్ళు మార్చారని తెలిసినప్పుడు కూడా, "మార్చాల్సింది మోకాళ్ళా?" అని ఊరుకుంది.

ఆ క్లబ్బు కూడా అంతకంటే మర్యాద దక్కేంత ఘనకార్యమేమీ వెలగబెట్టలేదు లెండి. ఊరి చివర నీళ్ళ ట్యాంకు దాటాక పెద్ద గడ్డి మైదానం, దాని మధ్య చారలాగా ఒక రన్‌వే, పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో రెండు విమానాలు. ఒకదానికి చక్రాలు లేవు. రెండోదానికి అన్నీ ఉన్నాయి కానీ దాన్ని నడిపేంత చూపు ఎవరికీ లేదు. ఒకప్పుడు పైలట్లమని చెప్పుకునే పెద్దమనుషులు రోజూ పొద్దున్నే వచ్చి, వరండాలో ఇనప కుర్చీలు వేసుకుని, టీలు తాగుతూ, ఎప్పుడో దాటిన మేఘాల గురించి కోతలు కోసేవారు. గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ సంచి చిరిగి చాలాకాలమైంది. దాన్ని కుట్టించాలన్న ఆలోచన ఆ పైలట్లలో ఒక్కరికీ రాలేదు.

మైదానంలో గడ్డి కోసే పని మొదట పెద్దమ్మ మొగుడిది. ట్రాక్టరు వెనక కోత మిషను తగిలించుకుని ఏళ్ళ తరబడి తిరిగేసరికి ఆయన నడుం పట్టేసింది. ఇక ట్రాక్టరు ఎక్కితే లేచి నిలబడవని డాక్టరు చెప్పేశాడు. సెక్రటరీ ఇంకో మనిషిని వెతుకుతూ ఉండగానే పెద్దమ్మ వెళ్ళి సీటెక్కి కూచుంది.

"నీవల్ల అవుతుందా అమ్మా? కష్టమైన పని," అన్నాడు సెక్రటరీ.

"ఇన్నేళ్ళు మగాళ్ళు చేశారంటే అంత కష్టమైంది అయ్యుండదులే," అని తాళం తిప్పింది.

అప్పట్నించి మొగుడు ఇంట్లో వంట, ఆవిడ మైదానంలో కోత. ఆ సీటు మీద కూచుంటే సెక్రటరీ, పైలట్లు, ఊళ్ళో వాళ్ళు అందరూ కిందే కనిపించేవారు. ఆవిడకి అంతకంటే కావలసిందేముంది? అంచులు దాటకుండా, గీత వంకర పోకుండా, ఇస్త్రీ చేసిన దుప్పటిలా కోసేది. నేలలో పాత రన్‌వే దీపాల సిమెంటు దిమ్మలు అక్కడక్కడా రాళ్ళలా పొడుచుకుని ఉండేవి. వాటికి తగిలి బ్లేడు విరిగితే వెళ్ళి సెక్రటరీ మొహం చూడాల్సి వస్తుందని బ్లేడుని కాస్త పైకెత్తే నడిపేది. సాయంత్రం బండి షెడ్డులో పెట్టి, వెనక్కి తిరిగి, కోసినంత మేరా ఒకసారి చూసుకునేది. ఎవరైనా బాగుందంటే మాత్రం, "గడ్డి బాగుండటమేంటి, గాడిదవా నువ్వు?" అని కరిచేది.

ఇక ఆ గడ్డిలో ఉండే మహానుభావుడి సంగతి. దాన్ని ఎండ చిమ్మట అనేవారు. దీపం చుట్టూ తిరిగి చచ్చే శలభాల జాతే, కానీ ఇది దీపాల జోలికి పోదు. ఎండ నడినెత్తిన మాడుస్తూ, గాలి కదలని వేళ, బుద్ధున్న ప్రాణి ఏదైనా నీడ వెతుక్కునే వేళ, ఇది షికారుకి బయల్దేరుతుంది. దేవుడు దీన్ని ఏ పరధ్యానంలో చేశాడో! రెండేళ్ళపాటు నేలలో తెల్ల పురుగుగా గడ్డి వేళ్ళు కొరుక్కుంటూ పడుంటుంది. తీరా పైకొచ్చి రెక్కలు విప్పేసరికి దానికి నోరే ఉండదు. తినదు, తాగదు, నాలుగు రోజుల్లో టపా కట్టేస్తుంది. మగవి మట్టి రంగులో ఉండి, మోకాలెత్తున గడ్డి మీద పిచ్చి పట్టినట్టు తిరుగుతాయి. ఆడదానికి రెక్కలున్నాయి, అయినా ఎగరదు. దుబ్బుకీ దుబ్బుకీ మధ్య ఉన్న చారెడు నేల మీద కూచుని, వెనక రెక్కల్లోని నారింజ రంగు బయటపెట్టి, పైనుంచి పోయేవాడు చూడకపోతాడా అని ఎదురుచూస్తుంది. ఎండాకాలం మొదట్లో కొన్ని వారాలు ఈ తంతు. తర్వాత మళ్ళీ ఏడాది దాకా వాటి ఊసే ఉండదు.

పెద్దమ్మ బండెక్కిన మొదటి ఏడాది ఆ వారాల్లోనే ఒక మధ్యాహ్నం జరిగింది ఆ సంగతి. మొగుడు క్యారేజీ తీసుకుని ఆలస్యంగా వచ్చాడు. ఆవిడ బండి ఆపకుండానే మొదలుపెట్టింది. "ఏవయ్యా, వండావా, పండించి తెచ్చావా?" అని ఆవిడ నోరు బార్లా తెరిచి అరుస్తూ ఉండగా, నోరు లేని ఆ పురుగు నోరున్న ఈ మనిషి నోట్లో దూరింది. దూరి గొంతు దగ్గర అడ్డం పడి, రెక్కలు టపటపా కొట్టుకుంది. రెక్కల పొడి అంగిలంతా అంటుకుంది. మింగలేదు, కక్కలేదు, ఊపిరి లేదు. బండి దానంతటది వెళ్ళి కంచె స్తంభానికి గుద్దుకుంది. మొగుడు పట్టేసిన నడుముతోనే పరిగెత్తుకొచ్చి, తాళం తీసి, వీపు మీద గుద్దితే, తడిసిన గుడ్డ పీలికలా అది బయట పడింది.

ఆవిడ నేల మీద కూలబడి చాలాసేపు వణికింది. ఆ తర్వాత మొగుడి వైపు వేలు చూపించి, "ఎవరితోనైనా అన్నావో, నీ వంట నువ్వే తిను," అంది. ఆయన వంట ఎలాగూ ఆయనే తింటున్నాడు గనక ఊరుకున్నాడు.

ఆ పై ఏడు నించి, మొదటి చిమ్మట కనిపించిన రోజే ఆవిడ సంచీ సర్దేది. "మా అక్కకి మోకాళ్ళు," అని సెక్రటరీకి చెప్పి బస్సెక్కేది. అక్క ఉండేది ఊరి నడిబొడ్డున, ఎత్తైన మేడలో. అంత పైకి గడ్డి పురుగు రాదు. అక్క తలుపు తీసి, "మళ్ళీ దిగావా తల్లీ? నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి," అనేది. "ఉంటే ఉండనీ, నేనేం వాటిని చూడటానికొచ్చానా?" అని ఈవిడ లోపలికి దూరేది. చిమ్మటలు పూర్తిగా పోయాయని మొగుడు ఫోన్ చేశాకే వెనక్కొచ్చి, అప్పటికి ఎదిగిన గడ్డిని మళ్ళీ కోయడం మొదలుపెట్టేది. క్లబ్బులో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఆవిడ ఎప్పుడు వెళ్ళిందో, ఎప్పుడొచ్చిందో సెక్రటరీ లెక్క పెట్టుకోలేదు. ట్రాక్టరు తిరుగుతోందో లేదో చూసే తీరిక ఆ మేఘాల పైలట్లకి ఎక్కడిది?

ఇలా ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఊరు పెరిగి నీళ్ళ ట్యాంకు దాకా వచ్చింది. సెక్రటరీకి మైదానాన్ని చూసినప్పుడల్లా ప్లాట్లు కనిపించడం మొదలైంది. అదే సమయంలో పచ్చదనం కమిటీ మేడం ఒకావిడ కారు దిగి, నల్ల కళ్ళద్దాలు పైకెత్తి, "ఇంత స్థలం ఖాళీగా పడుందే! నిండా మొక్కలు నాటిద్దాం," అంది. పచ్చటి మైదానం మధ్యలో నిలబడి పచ్చదనం తెస్తానన్న మహాతల్లి ఆవిడ. ఇల్లు లేకపోతే ఖాళీ, చెట్టు లేకపోతే ఖాళీ. గడ్డంటే ఈ జనానికి ఇంకా ఏదో రావడానికి ముందు ఉండేది అనే లెక్క. సగం ప్లాట్లు, సగం మొక్కలు అని వాళ్ళిద్దరూ ఇంచుమించు రాజీకి కూడా వచ్చేశారు.

ఇద్దరి ఆశల మీదా నీళ్ళు చల్లింది ఒక యూనివర్సిటీ పంతులు. చిన్నవాడే. వల పట్టుకుని మిట్టమధ్యాహ్నం మైదానంలో గంతులేస్తుంటే, ఎండదెబ్బ తగిలిందనుకుని పైలట్లు మంచినీళ్ళు పంపారు. అతనికి తగిలింది ఎండ కాదు, ఎండ చిమ్మట. ఒకప్పుడు ఇలాంటి మైదానాలు ఎన్నో ఉండేవట, అన్నింట్లోనూ ఈ పురుగు ఉండేదట. కొన్ని దున్నేశారు, కొన్నింట్లో ఇళ్ళొచ్చాయి, కొన్నింట్లో పుణ్యమని చెట్లు నాటారు. మధ్యలో రోడ్డు అడ్డమొచ్చినా, చెట్ల వరస అడ్డమొచ్చినా మగవి దాటవు, వెనక్కి తిరిగిపోతాయి. అలా ముక్కలు ముక్కలై పోగా, ఇది దాదాపు ఆఖరి చోటని తేలింది. పేపర్లో వచ్చింది. ఈ పురుగు ఉన్నంతకాలం మైదానంలో ఒక్క ఇటుక పెట్టడానికి గానీ, ఒక్క మొక్క నాటడానికి గానీ వీల్లేదని పైనుంచి ఉత్తర్వు కూడా వచ్చింది.

మేడం గొప్ప మనిషి. పొద్దున మొక్కలతో వచ్చిన మనిషి సాయంత్రానికి పురుగు పక్షాన నిలబడింది. "చిమ్మటని కాపాడుదాం" అని పెద్ద బ్యానరు కట్టించింది. దాని మీద ఏడు రంగుల సీతాకోకచిలుక బొమ్మ. సెక్రటరీ మాత్రం ఉత్తర్వులో "ఉన్నంతకాలం" అన్న మాట దగ్గరే ఆగి, దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు.

పెద్దమ్మ అక్క ఇంటి నించి వచ్చేసరికి ఇంత జరిగింది. మర్నాడు క్లబ్బు హాల్లో కమిటీ కూచుంది. ఆవిడనీ పిలిచారు. పంతులు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా అడిగాడు. "పెద్దమ్మగారూ, ఈసారి మీరు సెలవులో ఉన్నారట. మామూలుగా ఇవి ఎగిరే రోజుల్లో మీరు మిషను నడుపుతుంటారా?"

లేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆవిడ నోరు తెరిచింది కూడా. అంతలో సెక్రటరీ వెనక నించి నవ్వాడు. "మా పెద్దమ్మ పురుగులకి భయపడి ఆపే రకమా సార్? బాగా అడిగారు!"

లేదంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ఈ పళ్ళికిలింపు చచ్చేదాకా చూడాలి. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "నడపకేం చేస్తాను, హారతివ్వనా?" అంది. "ఏటేటా వేలకి వేలు నా బ్లేడు కింద పచ్చడైపోతున్నాయి. ఎదురుగా నువ్వు గంతులేస్తూ వచ్చినా బండి ఆగదు. పురుగట, కాపాడతారట! పూచికపుల్ల!"

మేడం గుండె మీద చెయ్యేసుకుంది. పంతులు మొహం తెల్లబోయింది. ఆవిడకి ఆ రెండు మొహాలూ చూసి ఎంత తృప్తి కలిగిందంటే, టీ తాగకుండానే ఇంటికెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ట్రాక్టరు తాళం తీసేసుకున్నారు. మైదానం చుట్టూ కొత్త కంచె, గేటుకి బోర్డు, కోత పూర్తిగా నిషేధం. బండిని షెడ్డులో చక్రాల్లేని విమానం పక్కన పెట్టి పట్టా కప్పారు. పెద్దమ్మని ఉద్యోగం నించి తీసేయలేదు. అంతకంటే ఘోరం చేశారు. చేతికి చీపురిచ్చి క్లబ్బు హాలు ఊడవమన్నారు.

"ఎందుకలా అన్నావే?" అన్నాడు మొగుడు, కూరలు తరుగుతూ.

"అన్నాను. ఇప్పుడేమైంది?"

"బండి పోయింది."

"పోతే పోయింది. డొక్కు బండి. దాని మొహం." అని తల తిప్పుకుంది. ఆ రోజు ఆయన వండినదానికి ఒక్క వంక కూడా పెట్టలేదు. అది చూసి ఆయన భయపడ్డాడు.

కోత ఆగాక గడ్డికి అడ్డేముంది? మొదట మోకాలు దాటింది, తర్వాత నడుం దాటింది. పాత గడ్డి ఎండి కింద పరుపులా పేరుకుంది. రోడ్డు పక్క నించి ఏవో ముళ్ళ కంపల గింజలు ఎగిరొచ్చి లోపల మొలిచాయి. మేడం ఆ గడ్డిలో చేతులు చాపి నిలబడి ఫోటోలు తీయించుకుంది. "ప్రకృతి ఊపిరి పీల్చుకుంటోంది," అంది. నిజమే, ఊపిరాడనిది చిమ్మటలకి. మొదటి ఎండాకాలం కాస్త తక్కువ కనిపించాయి. ఆ తర్వాత ఏడు వెతికితే గానీ దొరకలేదు. ఇప్పుడిక పంతులు రోజుల తరబడి ఎండలో తిరిగి ఒట్టి చేతులతో వస్తున్నాడు. పాపం, మనిషి నల్లబడి, చిక్కిపోయి, తనే చిమ్మటలా తయారయ్యాడు.

దీనికి కమిటీ చెప్పుకున్న కారణం ఒకటే. ఆ ట్రాక్టరు మనిషి ఏళ్ళ తరబడి చేసిన విధ్వంసం అంత తొందరగా పూడదట. అందుకు సాక్ష్యం ఏమిటంటే ఆవిడ నోటి మాటే.

పెద్దమ్మ హాలు ఊడుస్తూ కిటికీలోంచి అంతా చూస్తూనే ఉంది. తను కోసినన్నాళ్ళూ అవి మిడతల దండులా ఉండేవి. కోత మానగానే మాయమయ్యాయి. ఇందులో పంతులు చదివిన చదువేం అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. కానీ ఆ మాట చెప్పాలంటే తను ఎప్పుడు కోసిందో, ఎప్పుడు కోయలేదో చెప్పాలి. కోయని రోజుల్లో ఎక్కడికి పారిపోయిందో చెప్పాలి. ఎదురుగా సెక్రటరీ ఉంటాడు. ఛీ, దానికంటే చీపురే నయమనుకుంది. ఇన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళందరినీ తీసిపారేసిన మనిషి, పురుగుని చూసి పారిపోయిందంటే ఇక ఎవరిని ఏమనగలదు? ఆ భయమే ఆవిడ నోరు కట్టేసింది.

ఒక రోజు కిటికీలోంచి చూస్తే కంచె అవతల ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని కొలతలు వేస్తున్నారు. ఎర్ర రంగు పూసిన మేకులు నేలలో దిగ్గొడుతున్నారు. సెక్రటరీ పక్కన నిలబడి ఈల వేస్తున్నాడు. మర్నాడు పాత ఇనుము కొనేవాడొకడు షెడ్డులోకి వచ్చి, పట్టా ఎత్తి, ట్రాక్టరు చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. "ముక్కలు చేసి పట్టుకుపోవాలి," అన్నాడు. "కమిటీ ఆఖరి మీటింగు అవనీ, అదే రోజు లారీ తెచ్చుకో," అన్నాడు సెక్రటరీ. పెద్దమ్మ తలుపు వెనక చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మీటింగు రోజు పొద్దున మొగుడు పొయ్యి దగ్గర నించి కదలకుండా అడిగాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఏం చెప్తావేంటి నువ్వు?"

"చిమ్మటలెగిరే రోజుల్లో నువ్వు మీ అక్క ఇంట్లో ఉంటావని."

"ఎందుకని అడుగుతారు."

"అడిగితే అదీ చెప్పడమే. ఏం పోయింది?"

"నీకేం పోతుందయ్యా, నీకుంటేగా పోవడానికి! ఆ సెక్రటరీ ముందు చెప్పాలా? వాడు చచ్చేదాకా నవ్వుతాడు."

ఆయన గరిటె పక్కన పెట్టాడు. పెళ్ళయిననాటి నించీ ఆవిడ మాటకి ఎదురు చెప్పని మనిషి. "నవ్వనీ," అన్నాడు. "ఆ బండి మీద నా నడుం పోయింది. దాన్ని ముక్కలు చేస్తుంటే నేను చూడలేను. నువ్వు చూడగలవా?"

ఆవిడ చెప్పులేసుకుంది.

హాల్లో కమిటీ అంతా కూచుంది. పైలట్లు కూడా వరండా నించి కుర్చీలు లోపలికి జరుపుకున్నారు. బయట లారీ వచ్చి ఆగిన చప్పుడైంది. పెద్దమ్మ ట్రేలో టీలు పెట్టుకుని తిరుగుతోంది. పంతులు తల దించుకుని, ఈ ఏడాది ఒక్కటీ కనపడలేదని చెప్పాడు. మేడం నిట్టూర్చింది.

"మనం చేయగలిగిందంతా చేశాం," అంది మేడం. "కానీ అంతకుముందే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఎవరినీ తప్పుపట్టి లాభం లేదు. తెలియని మనిషి, పాపం, అజ్ఞానం." అని పెద్దమ్మ వైపు జాలిగా చూసి, ట్రేలోంచి టీ తీసుకుంది.

"అంతా మా పెద్దమ్మ చేతి చలవ!" అన్నాడు సెక్రటరీ. "అయితే మేడం, ఇక పురుగు లేదని రాసేసుకుందామా? బయట లారీవాడు తొందరపడుతున్నాడు."

తిట్టుంటే ఆవిడ పడేదేమో. జాలిని భరించడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు. ట్రే తీసుకెళ్ళి ఠక్కుమని సెక్రటరీ ముందు పెట్టింది.

"ఏవయ్యా పంతులూ, ఇటు చూడు. నేను ఆ రోజు చెప్పింది అబద్ధం."

పంతులు తలెత్తాడు. "ఏది పెద్దమ్మగారూ?"

"వేలకి వేలు పచ్చడి చేశానని. ఒక్కదాన్నీ చెయ్యలేదు. అవి ఎగిరే రోజుల్లో నేను బండే ఎక్కలేదు. మొదటి ఏడాది ఒక్క పూట ఎక్కాను, అంతే. తర్వాత ఏటేటా అవి రాగానే మా అక్క ఇంటికి పోయేదాన్ని. అన్నీ పోయాకే వచ్చి కోసేదాన్ని."

"మరి ఎందుకలా చెప్పారు?"

అప్పటి చిమ్మట మళ్ళీ ఆవిడ గొంతులో అడ్డం పడింది. సెక్రటరీ కప్పు నోటి దాకా ఎత్తి, అలాగే ఆపి చూస్తున్నాడు. తలుపు దగ్గర, ఎప్పుడొచ్చాడో, మొగుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"భయం," అంది పెద్దమ్మ. ఆ మాట ఆవిడ నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. "వాటికి భయపడి పారిపోయేదాన్ని. ఒకటి నా నోట్లో దూరింది. చచ్చిపోయాననుకున్నాను. ఇప్పటికీ కనిపిస్తే కాళ్ళు వణుకుతాయి. చాలా? ఇంకా కావాలా?"

ముందు సెక్రటరీ నోట్లోంచి టీ బయటికొచ్చింది. తర్వాత పైలట్లు. ముసలి గొంతులన్నీ ఒక్కసారి లేచాయి, ఒకాయన తొడ చరుచుకుని దగ్గుకున్నాడు. మేడం కూడా పెదవి కొరుక్కుని పక్కకి తిరిగింది. వీళ్ళందరినీ ఆవిడ ఇన్నేళ్ళుగా అన్న ప్రతి మాటకీ ఆ రోజు వడ్డీతో సహా తీర్చుకున్నారు. ఆవిడ కదల్లేదు. ట్రాక్టరు సీటు మీద కూచున్నట్టే నిటారుగా నిలబడి, చెవుల దాకా ఎర్రబడి, ఆ నవ్వంతా నెత్తి మీద పోయించుకుంది.

నవ్వనివాడు పంతులొక్కడే. అతను మంచివాడై కాదు, అతని తప్పు అతనికి అప్పుడే కనపడటం మొదలైంది. కాగితాలు పక్కకి నెట్టి గబగబా అడిగాడు. "వెనక్కొచ్చాక ఎన్నిసార్లు కోసేవారు? నేలకి అంటించి కోసేవారా?"

"గడ్డి మోకాలు దాటినప్పుడల్లా కోసేదాన్ని. అంటిస్తే రాళ్ళున్నాయి, బ్లేడు పోదూ? బెత్తెడు ఎత్తు వదిలేదాన్ని."

"అంటే దుబ్బుల మధ్య నేల కనపడుతూ ఉండేది," అన్నాడు పంతులు, తనలో తను అనుకుంటున్నట్టు. "ఆడది కూచునే చోటు అదే. ఇప్పుడు ఈ నడుం ఎత్తు గడ్డిలో అది ఎక్కడ కూచుంటుంది? కూచున్నా పైనున్నవాడికి ఎలా కనపడుతుంది? మేము కోత ఆపించి..." అని ఆగిపోయాడు.

"మీరు దాని మంచం ఎత్తేశారు," అంది పెద్దమ్మ. "ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగినా చెప్పేవాడు. అడిగారా? నేనేదో కూస్తే అది పట్టుకుని కంచె కట్టారు. చదువుకున్నారట, చదువు!"

కూసింది తానేనని ఆవిడకీ తెలుసు. అందుకే ఆ ఆఖరి మాటలో మునుపటి పదును లేదు.

పంతులు ఆ రోజు సెక్రటరీతో గొంతు చించుకుని పోట్లాడాడు. ఈ పురుగు రెండేళ్ళు నేల కిందే ఉంటుంది, పైన కనపడనంత మాత్రాన కింద లేదని చెప్పలేం అన్నాడు. మేడానికి బ్యానరు వృథా పోవడం ఇష్టం లేదు గనక ఆవిడా తలూపింది. వచ్చే ఎండాకాలం దాకా చూద్దాం, అప్పటికీ ఒక్కటీ రాకపోతే పురుగు లేనట్టే అని రాసుకున్నారు. లారీ ఖాళీగా వెళ్ళింది. సెక్రటరీ తాళం తీసి బల్ల మీద విసిరేస్తూ, రెండు చేతులూ రెక్కల్లా ఆడించి, "పెద్దమ్మా, నోరు జాగ్రత్త!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఆవిడ తాళం తీసుకుంది.

నడుమెత్తు గడ్డిని, ముళ్ళ కంపని కోసి, ఎండు పరుపుని గోకి తీసేసరికి బ్లేడు రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ వెళ్ళి సెక్రటరీ మొహం చూసింది. రెండుసార్లూ ఆయన రెక్కలాడించాడు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ సంగతి పాకిపోయింది. ఎవరినైనా ఒక మాటందామని నోరు తెరిస్తే చాలు, "లోపలికేమైనా పోతుందేమో పెద్దమ్మా!" అనేవారు. మూసుకునేది. మైదానం మాత్రం మెల్లగా మళ్ళీ ఇస్త్రీ దుప్పటిలా తయారైంది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. పంతులు వచ్చి, చిమ్మటలు మొదలయ్యాయో లేదో రోజూ మధ్యాహ్నం ఎవరో ఒకరు నడిచి చూడాలన్నాడు, ఒక్కటి కనపడ్డా బండి ఆపేయాలన్నాడు. తనకి క్లాసులున్నాయట. "అది మీరే చూడాలి పెద్దమ్మగారూ," అన్నాడు. అంటే ఈ ఏడు అక్క ఇల్లు లేదు. అక్క ఫోన్ చేసి మరీ అడిగింది, రావట్లేదా, ఒంట్లో బాగాలేదా అని. "నీ మోకాళ్ళు చూసుకో," అని పెట్టేసింది.

మూతికి తువ్వాలు రెండు చుట్లు చుట్టుకుని, వెనక ముడేసుకుని బయల్దేరేది. "నేను రానా తోడు?" అనేవాడు మొగుడు. "నీ నడుం నువ్వు మొయ్యి ముందు," అని తువ్వాలు లోపలి నించే కసిరేది. వరండాలో పైలట్లు ఆవిడ వేషం చూసి రోజూ చేతులు రెక్కల్లా ఆడించేవారు. రోజూ మైదానం ఈ చివర నించి ఆ చివరికి నడిచేది. ఏమీ లేదు. ఎర్ర రంగు మేకులు కంచె అవతల అలాగే ఉన్నాయి. ఒక్కటీ రాదేమోనని మొదటిసారి ఆవిడకి భయం వేసింది. వస్తాయేమోనన్న భయం కంటే అది పెద్దదిగా ఉంది.

గాలి పూర్తిగా ఆగిపోయిన ఒక మధ్యాహ్నం, పాత దీపపు దిమ్మ పక్కన, రెండు దుబ్బుల మధ్య చారెడు నేల మీద నారింజ రంగు చుక్క కనిపించింది. బొటనవేలి గోరంత ఆడ చిమ్మట. రెక్కలు విప్పుకుని, ఎటూ పోకుండా కూచుంది. పెద్దమ్మ కాళ్ళు వణకడం మొదలైంది. తువ్వాలుని రెండు చేతులతో మూతికి అదుముకుంది. పారిపోవాలని ఒళ్ళంతా చెబుతోంది. అంతలో ఎక్కణ్ణించో మట్టి రంగు మగది వచ్చి, ఆవిడ మోకాలి చుట్టూ తిరిగి, పైకి లేచి, సరిగ్గా తువ్వాలు మీద వాలింది. వరండాలో ఎవరో గట్టిగా నవ్వారు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి, అక్కణ్ణించి కదల్లేదు.

కళ్ళు తెరిచేసరికి అది తువ్వాలు మీద లేదు. కింద నేల మీద, ఆ నారింజ చుక్క పక్కన ఉంది.

ఆవిడ తువ్వాలు కిందికి లాక్కుంది. చెంపల మీదికి కారిన నీళ్ళు దాంతోనే తుడుచుకుంది. వంగి, వాటిని కాసేపు చూసింది.

"ఛీ," అంది. "రెక్కలుండీ ఎగరవు, మూతికి నోరైనా లేదు. నీకోసమా నేను ఇంతమందిలో నవ్వులపాలయ్యింది?"

అని, అడుగు ఎక్కడ వేయాలో ఒకటికి రెండుసార్లు చూసుకుంటూ వెనక్కి నడిచింది.